అరెస్టు కాదు, మన గుట్టే పిల్లల కొంప ముంచేది

"ఒప్పుకొని ఐదొందలు కట్టేస్తే పోతాది కదక్కా, దీనికింత రాద్ధాంతం ఏంటికి?"

మా చెల్లెలు ఫోన్లో ఈ మాట అన్నప్పుడు నాకూ నిజమే కదా అనిపించింది. అందుకే ఈ వ్యాసం. నాకు నిజమనిపించింది కాబట్టి మీలో చాలామందికి కూడా అనిపిస్తుంది. అది ఎంత పెద్ద పొరపాటో నాకు తెలియడానికి నెల పట్టింది.

మా చెల్లెలిది కడప, నాది కర్నూలు. కె.సి. కాలువ రెండూళ్లనూ కలిపినట్టు మా ఇద్దరినీ ఫోను కలుపుతుంది. ఆ కాలువలో నీళ్లుండే రోజులు తక్కువ గానీ మా ఫోన్లో మాటలకు ఎప్పుడూ కొదవ లేదు. దాని పెద్ద కూతురు బీఎస్సీ నర్సింగు మూడో సంవత్సరం. నన్ను పెద్దమ్మా అంటుంది గానీ సగం నా చేతుల మీద పెరిగిన పిల్ల.

పోయిన ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని వాళ్ల కాలేజీలో పిల్లలకు హాల్‌టికెట్లు ఇవ్వకుండా ఆపినారు. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సిన డబ్బుకు పిల్లల మెడ పట్టుకోవడం మన రాష్ట్రంలో కొత్త కాదు, మీ ఇళ్లల్లోనూ జరిగే ఉంటుంది. పిల్లలు నాలుగు రోజులు ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరిగి, ఐదో రోజు ఒక విద్యార్థి సంఘం వాళ్లతో కలిసి కలెక్టరేటుకు పోయినారు. గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. అరగంటకు పోలీసు వ్యాన్లు వచ్చినాయి. మా పిల్లతో సహా ఇరవై మందిని ఎక్కించి స్టేషన్‌కు తీసుకుపోయి, పేర్లు, ఆధార్ నంబర్లు, నాన్నల ఫోన్ నంబర్లు రాసుకొని, సంతకాలు పెట్టించుకొని, పొద్దు గుంకే లోపల పంపించేసినారు. ఎవరూ రాయి వెయ్యలేదు, అద్దం పగలగొట్టలేదు. వారం తర్వాత హాల్‌టికెట్లు మాత్రం వచ్చినాయి. ఆ కాలేజీలో అందరికీ వచ్చినాయి, రోడ్డు మీద కూర్చోనివాళ్లకు కూడా.

ఇంతటితో అయిపోయిందనుకున్నాం. ఏడెనిమిది నెలలకు కోర్టు సమన్లు వచ్చినాయి. ప్రభుత్వ ఉత్తర్వు ధిక్కరించినందుకు ఒక సెక్షను, దారికి అడ్డం కూర్చున్నందుకు ఇంకొకటి. సమన్లు తెచ్చిన ఆయనే మా మరిదితో నెమ్మదిగా చెప్పినాడంట: "లోక్ అదాలత్ రోజు వచ్చి ఒప్పుకుంటే చిన్న ఫైనుతో పోతాది సార్. ఆడపిల్ల, కోర్టుల చుట్టూ తిప్పేదెందుకు?" మాట మంచిగానే ఉంది కదా. ఆయన కూడా మంచికే చెప్పి ఉంటాడు.

ఆ రోజు రాత్రి మా చెల్లెలి ఇంట్లో పంచాయితీ. నేను ఫోన్లో స్పీకరు మీద. పిల్ల వాళ్ల అవ్వ "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని మొదలు పెట్టింది. మా మరిది "నర్సు ఉద్యోగానికి కేసు లేదని సర్టిఫికెట్ కావాల, వీసాకు కావాల, అంతా పాయె" అన్నాడు. వాళ్ల మేనత్త "సంబంధాలు చూసే టైములో ఇదేం ఖర్మ" అంది. మా చెల్లెలు ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దు, కాలేజీలో చెప్పొద్దు, రేపు ఏ ఫారంలోనూ రాయొద్దు, ఫైను కట్టేసి మర్చిపోదాం అని తీర్మానమైంది. ఒక్క పిల్ల మాత్రం, "నేను తప్పు చెయ్యలేదు గదా పెద్దమ్మా, ఎట్ల ఒప్పుకొనేది?" అంది. దాని మాట ఎవరికీ వినపడలేదు. నాక్కూడా సరిగ్గా వినపడలేదు.

వాళ్ల భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. కడప జిల్లాలో ఆడపిల్లకు నర్సింగు అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు ఊర్లలో ఒక తరం ఆడవాళ్లు కువైట్‌కు పోయి పరాయి ఇళ్లల్లో వంట, అంట్లు, పిల్లల పెంపకం చేసి ఇక్కడ ఇళ్లు కట్టినారు, బోర్లు వేసినారు, ఆ బోర్లు ఎండిపోతే మళ్లీ పోయినారు. మా చెల్లెలి చిన్నత్త అట్లా పదకొండేండ్లు చేసి నడుము విరిగి వచ్చింది. ఆ ఇంట్లో పిల్ల అదే గల్ఫ్‌కు తెల్ల కోటు వేసుకొని, తన పేరు మీద లైసెన్సుతో పోవడమంటే అది ఒక్క ఉద్యోగం కాదు, రెండు తరాల పరువు. అది చేజారిపోతుందంటే ఎవరికైనా గుండె దడే.

భయానికి ఆధారం లేకుండా కూడా లేదు. గల్ఫ్ కొలువులకు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో శిక్ష పడిందా అనే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. ఇంగ్లండ్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే పెండింగు ఆరోపణలు, పడిన శిక్షలు చెప్పుకోవాలి. 2022 జూన్‌లో అగ్నిపథ్ గొడవల్లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ తగలబడ్డాక, సైన్యంలో చేరేవాళ్లు ఆ నిరసనల్లో, విధ్వంసంలో లేమని రాసివ్వాలని సైన్యాధికారులు చెప్పిన సంగతి మనమంతా టీవీలో చూసిందే. బోగీలు కాల్చడం వేరు, గేటు ముందు కూర్చోవడం వేరు. కానీ ఇంట్లో టీవీ ముందు కూర్చున్న తల్లికి రెండూ ఒకే వార్త లాగా వినపడతాయి.

అందుకే నేను మా వీధి చివర ఉండే లాయరమ్మ దగ్గరికి పోయినాను. ఎవరికీ చెప్పొద్దన్న తీర్మానాన్ని మొదట తెంచింది నేనే. ఆమె సమన్ల కాగితం చూసి, "ఒప్పుకోమని ఎవరు చెప్పినారు మీకు?" అని అడిగింది. చెప్పినాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఒప్పుకుంటే ఏమవుతుందో చెప్పినారా మరి?" అంది.

ఏమవుతుందంటే, ఒప్పుకుంటే అది శిక్షే. ఫైను ఐదు వందలైనా, యాభై అయినా, కోర్టు కాగితంలో మా పిల్ల "నేరం అంగీకరించిన ముద్దాయి". నేరం రుజువైనట్టే లెక్క. పైగా ఒప్పుకున్నాక పైకోర్టుకు పోయి నేను చెయ్యలేదంటే వినరు, శిక్ష ఎక్కువైందని మాత్రం అప్పీలు చేసుకోవచ్చు. అంటే, ఏ మచ్చ పడకూడదని మేము ఫైను కట్టాలనుకున్నామో, ఆ మచ్చను డబ్బిచ్చి కొనుక్కోబోయాం. ఇంగ్లండ్ ఫారంలో "శిక్ష పడిందా" అన్న గడిలో లేదు అని నిజాయితీగా రాయగలిగిన పిల్ల చేత, జీవితాంతం అవును అని రాయించబోయాం.

కేసు, కేసు అని మనం ఒక్క మాటలో చుట్టేసేదాంట్లో నాలుగు మెట్లుంటాయని లాయరమ్మ చెప్పింది. ఇది ప్రతి తల్లికీ తెలియాలి.

మొదటి మెట్టు, వ్యాన్ ఎక్కించి సాయంత్రం దాకా కూర్చోబెట్టడం. ముందుజాగ్రత్త అరెస్టు. పాత చట్టంలో సెక్షన్ 151, 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 170. నేరం చేస్తారేమోనని పట్టుకోవడమే గానీ నేరం చేసినట్టు కాదు. దాని కింద 24 గంటలకు మించి ఉంచకూడదు. ఆడవాళ్లనైతే పొద్దు గుంకినాక, తెల్లవారక ముందు అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

రెండో మెట్టు ఎఫ్ఐఆర్. అది ఆరోపణ మాత్రమే. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన కోర్టులో కేసు నడుస్తున్నట్టు కాదని పాస్‌పోర్టుల విషయంలో విదేశాంగ శాఖ 2019లోనే చెప్పింది.

మూడో మెట్టు ఛార్జిషీటు వేసి, కోర్టు దాన్ని విచారణకు తీసుకోవడం. మా పిల్ల ఉన్నది ఇక్కడ. ఇప్పుడు పాస్‌పోర్టు కావాలంటే ఆ కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆలస్యం, ఖర్చు, తిప్పట నిజమే. కానీ దారి మూసుకుపోలేదు. కోర్టు అనుమతితో పాస్‌పోర్టు ఇచ్చే ఏర్పాటు 1993 నుంచే ఉంది.

నాలుగో మెట్టు తీర్పు. కొట్టేస్తే ఒకటి, శిక్ష పడితే ఒకటి. మనం ఏం చేస్తున్నామంటే, మూడో మెట్టు మీద నిలబడిన పిల్లను, తొందరగా ఇంటికి పోదామని, నాలుగో మెట్టు మీద నుంచి తోసేస్తున్నాం.

ఇంకొక సంగతి. ఉత్తర్వు ధిక్కరించినారన్న సెక్షను ఇప్పుడు బీఎన్ఎస్‌లో 223, పాత 188. దాని మీద కోర్టు విచారణ మొదలు పెట్టాలంటే ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఇంకొక అధికారి గానీ రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చెయ్యాలి. పోలీసుల ఛార్జిషీటు ఒక్కటే చాలదు. మా పిల్ల కేసులో ఆ ఫిర్యాదు ఉందో లేదో చూసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందా? రాలేదు. నిలబడుతుందో లేదో తెలియని ఆరోపణను తలొంచి ఒప్పుకోవడానికి ఇంటిల్లిపాదీ సిద్ధమైనాం. ఎందుకు? ఆడపిల్ల కాబట్టి. గుట్టు కాబట్టి.

రెండో తీర్మానం, "ఏ ఫారంలోనూ రాయొద్దు". ఇది మొదటిదానికంటే ప్రమాదం. 2016 జులైలో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో ఇదే విషయం మీద తీర్పు ఇచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు కేసుల గురించి అడిగితే నిజం చెప్పాలి, దాచడం, అబద్ధం రాయడం ఉద్యోగం తీసెయ్యడానికి కారణం కావచ్చు అని చెప్పింది. అదే తీర్పులో ఇంకొక మాట కూడా ఉంది. చిన్నవయసులో నినాదాలు చెయ్యడం లాంటి చిల్లర కేసులో శిక్ష పడి, అది చెప్పకపోయినా, ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాన్ని చూసీచూడనట్టు వదిలెయ్యవచ్చు అని. గమనించారా? దేశంలో అతి పెద్ద కోర్టుకు క్షమించదగిన చిన్న తప్పు అంటే ఏమిటో చెప్పడానికి దొరికిన ఉదాహరణే "చిన్నవయసులో నినాదాలు". కోర్టు కంటికి అంత చిన్నది, మన ఇంటి అరుగు మీద అంత పెద్దది అయిపోయింది. కానీ వదిలెయ్యడం వాళ్ల దయ, మన హక్కు కాదు. నిజం చెప్పడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. ముప్పై ఏండ్లకు, ఐదేండ్లు డ్యూటీ చేసినాక, ఎవరో గిట్టనివాళ్లు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, పోయేది నిరసన వల్ల కాదు, ఆ రోజు ఫారంలో అమ్మానాన్నలు రాయించిన "లేదు" అనే రెండక్షరాల వల్ల.

ఇప్పుడు అసలు కోపం చెప్పుకుంటాను.

మన సీమలో మగవాళ్ల మీద కేసులు లేవా? ముఠా తగాదాల కాలం నుంచి చూస్తున్నాం. పది కేసులున్న మనిషి పెళ్లికి ఊరంతా పోతారు. ఎన్నికల్లో నిలబడేవాళ్లు తమ మీద ఉన్న కేసులన్నీ అఫిడవిట్‌లో వరసపెట్టి రాస్తారు, రాసి మన గడప ముందుకొచ్చి చేతులు జోడిస్తారు, మనం ఓట్లేస్తాం. అన్నేసి కేసులతో చట్టాలు చెయ్యడానికి పనికొస్తారు గానీ, హాల్‌టికెట్ అడిగిన కేసుతో సెలైన్ పెట్టడానికి పనికిరారా? మా మరిది అన్న కొడుకు మీద బంద్ రోజు బస్సు ఆపిన కేసుంది. దాన్ని ఆ ఇంట్లో మీసం మెలేసి చెప్పుకుంటారు. అదే ఇంట్లో మా పిల్ల కేసును ముసుగేసి దాచిపెడుతున్నారు. చట్టం ఇద్దరికీ ఒకటే. ముసుగు మాత్రం ఒక్కరికే.

వెనక "నువ్వట్లా మాట్లాడితే పెళ్లెవరు చేసుకుంటారు" అని నోరు మూయించేవాళ్లు. ఇప్పుడు ఆడపిల్లలు ఆ మాటకు లొంగడం లేదు. అందుకని కొత్త తాడు పేనుకున్నాం: "నువ్వట్లా రోడ్డెక్కితే వీసా ఎవరిస్తారు". చదువు ఆడపిల్లకు రెక్కలనుకున్నాం. ఆ చదువే చూపించి రెక్కలు కట్టేస్తున్నాం. ఈ తాడును పోలీసులు పేనలేదు, కాలేజీ పేనలేదు. వాళ్లు ఒక కొస పట్టుకున్నారంతే. కాలేజీలో చేరేటప్పుడే ఏ నిరసనల్లోనూ పాల్గొననని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుంటున్నారు. మనం చదవకుండా పెట్టేస్తున్నాం. రెండో కొస మన చేతిలోనే ఉంది.

మీరే చెప్పండి, ఆసుపత్రిలో మీ అమ్మ మంచం పక్కన ఎట్లాంటి నర్సు ఉండాలి? చీటీలో మందు మోతాదు తప్పుగా ఉంటే "సార్, ఒకసారి చూడండి" అని పెద్ద డాక్టరుతో అనగలిగిన పిల్లనా, లేక తనకెందుకు లెమ్మని తప్పు మందే ఎక్కించే పిల్లనా? నలభై మంది రోగులకు రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉంటే, ఇది ప్రాణాల మీదికొస్తుందని పై వాళ్లకు రాసిచ్చే పిల్లనా, నోరు మూసుకునేదా? నోరు మూసుకోవడం నేర్పి పంపిన పిల్ల అక్కడ నోరు తెరుస్తుందని ఎట్లా అనుకుంటాం? ఆ ధైర్యాన్ని నర్సింగు పుస్తకాలు ఇవ్వవు. హాల్‌టికెట్ కోసం గేటు ముందు కూర్చున్న రోజునే అది వచ్చింది మా పిల్లకు.

నిరసన వల్ల ఉద్యోగం పోయినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మన ఊరివాడే ఉన్నాడు. బీఏ తెలుగు చదివేటప్పుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు పేరు నేను రెండు మార్కుల ప్రశ్నగా చదివి మర్చిపోయినాను. ఈ గొడవలో మళ్లీ గుర్తొచ్చింది. కర్నూలులో పుట్టినవాడు. 1907లో రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ చదువుతూ, బిపిన్ చంద్ర పాల్ వచ్చినప్పుడు వందేమాతరం బిళ్ల పెట్టుకున్నందుకు కాలేజీ నుంచి వెళ్లగొట్టి, ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాడని ముద్ర వేసినారు. మరుసటి ఏడాది పత్రికలో రాసిన రాతకు జైలు. వాళ్లింట్లో కూడా ఎవరో ఒకరు "ఆ బిళ్ల ఎందుకు పెట్టుకున్నావురా, పంతులు ఉద్యోగం చేసుకోక" అని ఏడ్చే ఉంటారు. ఆయన సర్కారు పంతులు కాలేదు. ఊరూరా గ్రంథాలయాలు పెట్టించి, పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పించే పనికి జీవితం ఇచ్చినాడు. ఉద్యోగం పోవడం చిన్న విషయమని నేననను. ముద్ర వేసినవాళ్ల పేర్లు మనకు గుర్తులేవని మాత్రం అంటాను.

ఆడవాళ్ల సంగతంటారా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1930లో ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయి జైల్లో ఉన్న మనిషి. తర్వాత లా చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రులు నడిపింది, నర్సులను తయారు చేసింది. జైలుకు పోయొచ్చిన మనిషి నర్సింగు బడి పెట్టొచ్చట గానీ, ఒక పూట స్టేషన్లో కూర్చున్న పిల్ల నర్సు కాకూడదట!

"అది స్వాతంత్ర్య పోరాటం, ఇది హాల్‌టికెట్" అని మా మరిది అన్నాడు. సరే, అంత దూరం పోవద్దు. మీ వీధి అంగన్‌వాడీ టీచరమ్మను అడగండి. 2023 డిసెంబరులో మొదలై 2024 జనవరి దాకా రాష్ట్రమంతా వాళ్లు సమ్మె చేసినప్పుడు వాళ్ల మీద ఎస్మా ప్రయోగించినారు. ఉద్యోగాల నుంచి తీసేస్తామన్నారు. ఆ భయం మా వీధి టీచరమ్మ ఇంట్లోనూ ఉండింది. ఆమె ఈ రోజు కూడా పొద్దున తొమ్మిదికి పిల్లలకు గుడ్డు పెడుతోంది. మా చెల్లెలి ఏడుపు సంగతి చెబితే ఆమె నాతో ఒకటే అంది: "భయం లేక పోలేదక్కా మేము. ఒక్కదాన్నే అయితే భయం, నలుగురమైతే తక్కువ భయం."

ఆ మాటే మా ఇంటికి పనికొచ్చింది. ఇరవై మంది పిల్లల మీద ఒకే కేసైతే, ఇరవై ఇండ్లలో ఇరవై మంది తల్లులు ఎవరికి వాళ్లు తలుపులేసుకొని ఏడుస్తూ, ఎవరికి వాళ్లు ఫైను కట్టడానికి సిద్ధమవుతున్నారు. మా చెల్లెలు మొదట ఒక తల్లికి ఫోన్ చేసింది. ఆమె "మా పిల్ల ఆ రోజు పోలేదే" అని అబద్ధం చెప్పింది. రెండు రోజులకు తనే తిరిగి ఫోన్ చేసి ఏడ్చింది. ఇప్పుడు పదకొండు ఇండ్లు కలిసి ఒక్క లాయర్ను పెట్టుకున్నాం. మనిషికి పడే ఖర్చు తక్కువే. మిగతావాళ్లలో నలుగురు అప్పటికే లోక్ అదాలత్‌లో ఒప్పుకొని ఫైను కట్టేసినారు. వాళ్లలో ఒక పిల్ల తండ్రి లేనిది, జర్మనీ పోవాలని భాష నేర్చుకుంటోంది. ఫైను కట్టిన రోజు వాళ్లమ్మ ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించిందంట, పీడ వదిలిందని. ఆ తల్లికి ఇప్పుడు నేనేం చెప్పాలి?

ప్రభుత్వం వాళ్లను కూడా వదలను. కేసు ఉపసంహరించుకునే అధికారం చట్టంలోనే ఉంది. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 360 కింద కోర్టు అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటరు కేసు వెనక్కి తీసుకోవచ్చు. తెలంగాణ వచ్చినాక అక్కడ ఉద్యమకారుల మీద పెట్టిన కేసులు ఎత్తేసినారు. అధికారం మారినప్పుడల్లా పార్టీవాళ్ల మీద కేసులు ఎత్తేసిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. మరి ఏ జెండా లేకుండా, తమకు రావాల్సిన ఫీజు అడిగిన పిల్లల కేసులు ఎత్తెయ్యడానికి ఎవరికి చేతులు రావు? వాళ్ల వెనక ఓట్లు లేవనా? ఇరవై మంది అమ్మలున్నారు. మన మేనత్తలు, పెద్దమ్మలు, అవ్వలను కలిపి లెక్కేస్తే మనమే ఒక వార్డు అవుతాం.

చెల్లెళ్లారా, అక్కలారా, మీ పిల్లను రోడ్డెక్కించమని నేను చెప్పడం లేదు. ఎక్కాలా వద్దా అనేది ఇరవై ఏండ్ల పిల్ల తేల్చుకుంటుంది. రాయి పట్టుకుంటే చేతి మీద కొట్టి ఆపండి. పోలీసు మీద చెయ్యి పడితే అది వేరే సెక్షను, వేరే కథ. కానీ ఊరికే కూర్చున్నందుకు వ్యాన్ ఎక్కిస్తే మాత్రం ఇంట్లో శోకాలు పెట్టకండి. ఏ స్టేషనో, ఏ తేదీనో, ఏం కాగితం మీద సంతకం పెట్టిందో రాసి పెట్టుకోండి. ఎఫ్ఐఆర్ ఉందా లేదా కనుక్కోండి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, అడగడానికి సిగ్గుపడొద్దు. వాయిదా ఎగ్గొట్టకండి, ఎగ్గొడితే వారంటు వస్తుంది. లాయరును అడగకుండా ఏదీ ఒప్పుకోవద్దు. కేసు పోయినాక తీర్పు కాపీని పదో తరగతి మార్కుల జాబితా ఉన్న ఫైల్లోనే పెట్టండి. ఫారంలో అడిగితే అడిగినంత నిజం రాయించండి. ఆ పైన ఏ ఆసుపత్రి అయినా వద్దంటే, ఇంకొకచోట చూసుకుంటుంది. నిజం రాసిన పిల్ల నిద్రపోతుంది.

"అడుసు తొక్కనేల" అన్న అవ్వకు కూడా ఒక జవాబుంది. అవ్వా, మన సీమలో అడుసు యాడుంది? వాన పడితే కదా. ఇక్కడ పిల్లలు తొక్కింది ఎర్రటి ఎండలో కాలిపోతున్న తారు రోడ్డు. చెప్పుల్లేకుండా కూర్చున్న పిల్లల అరికాళ్లు బొబ్బలెక్కినాయి. ఆ బొబ్బలకు మందు రాసింది కూడా మా పిల్లే, స్టేషన్ బెంచీ మీద కూర్చొని, బ్యాగులో ఎప్పుడూ ఉండే ఫస్ట్ ఎయిడ్ డబ్బా తీసి. ఒక మహిళా కానిస్టేబుల్ కూడా తన చెయ్యి చూపించి, వంట చేసేటప్పుడు కాలింది పాపా, దీనికేం రాయాల అని అడిగిందంట. దానికీ కట్టు కట్టిందంట.

కేసు ఇంకా తేలలేదు. వాయిదా వచ్చే నెల. ఆ వారం దానికి పిల్లల వార్డులో డ్యూటీ పడింది, సెలవు చీటీలో ఏం కారణం రాయాలని ఫోన్ చేసి అడిగింది. జ్వరమని రాయమని వాళ్ల నాన్న అప్పటికే చెప్పినాడంట.

"కోర్టు వాయిదా అని రాయి" అన్నాను.

రాసిందంట. వార్డు సిస్టరమ్మ చదివి, తల పంకించి, సంతకం పెట్టి ఇచ్చిందంట. ఏమీ అడగలేదంట.